వాలంటీర్లకు బ్రౌజర్ స్క్రిప్టులు: కళ్ల పని దానికి, క్లిక్ మనకి

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు సందేహాలు అడిగే చోట మీరు ఎనిమిది మంది వాలంటీర్లు జవాబులిస్తున్నారు. రోజుకు వందకు తక్కువ కాకుండా ప్రశ్నలు వస్తాయి. సైట్ మీ చేతిలో లేదు, దాన్ని మార్చలేరు. ఒకే ప్రశ్నకు ఇద్దరు ఒకేసారి జవాబు రాసేస్తున్నారు. కొన్ని ప్రశ్నలు ఎవరి కంటా పడకుండా రెండో పేజీకి జారిపోతున్నాయి. "మీది ఏ వెర్షన్, ఏ ఎర్రర్ వచ్చింది" అని రోజుకు ఇరవై సార్లు టైప్ చేసి వేళ్లు నొప్పెడుతున్నాయి. బ్రౌజర్లో స్క్రిప్టులు, అంటే సైట్ మన తెర మీద కనబడే తీరును మార్చే చిన్న కోడ్ ముక్కలు, పెట్టుకుంటే ఇవి తీరతాయా, పనిలో పనిగా మామూలు ప్రశ్నలకు జవాబు దానంతట అదే వెళ్లేలా చేయొచ్చా అని అడిగారు.

మొదటి మూడూ చాలావరకు తీరతాయి. నాలుగోది చేయడం కూడా పెద్ద కష్టమేమీ కాదు, అందుకే ముందే చెబుతున్నా: దాని జోలికి పోకండి. ఎందుకో కింద వస్తుంది. నేనూ కొన్నేళ్లుగా ఇలాంటి పనిలోనే ఉన్నాను. మా జట్టు వాడే స్క్రిప్టులు రాసింది నేనే, అవి పాడైనప్పుడు తిట్లు తిన్నదీ నేనే.

ఎడిటర్ తెరిచే ముందు ఒక కాగితం పక్కన పెట్టుకుని నాలుగు రోజులు మీ చేతులు ఏం చేస్తున్నాయో గీతలు పెట్టండి. ప్రశ్న తెరిస్తే ఒక గీత, తెరిచి ఏమీ చేయకుండా వెనక్కి వస్తే ఒక గీత, అదే జవాబు మళ్లీ టైప్ చేస్తే ఒక గీత. నాకు టైపింగ్‌కే టైమంతా పోతోందని గట్టి నమ్మకం ఉండేది. గీతలు లెక్కపెడితే తేలిందేమిటంటే, పది ప్రశ్నలు తెరిస్తే ఆరేడు ఊరికే తెరిచినవే. ఎవరో అప్పటికే జవాబిచ్చారు, లేదా మనం అడిగిన వివరం వాళ్లింకా చెప్పలేదు. అంటే నేను టైప్ చేయడంలో కంటే వెతుక్కోవడంలో ఎక్కువ అలిసిపోతున్నాను. మొదటి స్క్రిప్ట్ జవాబు పెట్టె దగ్గర కాకుండా ప్రశ్నల జాబితా దగ్గర మొదలుపెట్టింది అందుకే. మీ లెక్క వేరేగా రావచ్చు. దాన్నిబట్టే వెళ్లండి.

ఈ స్క్రిప్టులను నడిపించడానికి బ్రౌజర్‌కి ఏ ఎక్స్‌టెన్షన్ తగిలించాలన్నది చిన్న విషయం, త్వరగా ముగిస్తాను. 2004లో ఆరన్ బూడ్‌మన్ ఫైర్‌ఫాక్స్ కోసం గ్రీజ్‌మంకీ చేశాడు, ఈ పద్ధతి అక్కడి నుంచే పాకింది. మనకు నచ్చిన నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్‌ని, మనది కాని సైట్‌లో, మన బ్రౌజర్ వరకే నడిపించుకోవడం. తర్వాత 2010లో టాంపర్‌మంకీ వచ్చింది. వయొలెంట్‌మంకీ ఓపెన్‌సోర్స్. ఈ రెండింట్లో ఏదైనా పరవాలేదు, కానీ జట్టంతా ఒకటే వాడండి. 2017లో ఫైర్‌ఫాక్స్ 57తో పాటు గ్రీజ్‌మంకీ 4 వచ్చినప్పుడు విలువలు దాచుకునే ఫంక్షన్ల తీరే మారిపోయి బోలెడు పాత స్క్రిప్టులు ఆగిపోయాయి. తలా ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే అలాంటి రోజున ఎవరిది ఎందుకు ఆగిందో కనుక్కోవడానికే వారం పడుతుంది. ఇంకొకటి, క్రోమ్ వాడేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. 2025లో వచ్చిన క్రోమ్ 138 నుంచి ఎక్స్‌టెన్షన్ వివరాల పేజీలో "అలో యూజర్ స్క్రిప్ట్స్" అనే మీట విడిగా ఆన్ చేయాలి. అంతకుముందు డెవలపర్ మోడ్ ఆన్ చేయాల్సి వచ్చేది. నాకు "మీ స్క్రిప్ట్ పనిచేయట్లేదండీ" అని వచ్చే కబుర్లలో సగం ఈ మీట గురించే.

ఇక అసలు పని. జాబితా పేజీలో ప్రతి ప్రశ్నా ఒక వరుస. శీర్షిక, అడిగినవాళ్ల పేరు, జవాబుల సంఖ్య, చివరిగా ఎవరు రాశారు, ఎంతసేపయింది అన్నవి ఉంటాయి. చాలామంది మొదట "జవాబులు 0" ఉన్న వరుసలకు రంగు వేస్తారు. నేనూ అదే చేశాను. పనికొచ్చింది కానీ సరిపోలేదు. ఎందుకంటే "జవాబులు 5" అని ఉన్నచోట ఆ ఐదూ ఏమిటో చూడండి: "నాకూ ఇదే సమస్య" అని ఇద్దరు, "ఎవరైనా చెప్పండి ప్లీజ్" అని అడిగినాయనే ఒకసారి, వివరాలు ఇవ్వమని మన వాలంటీర్ అడిగితే ఆయన పాపం శ్రద్ధగా ఇచ్చింది మధ్యలో ఎక్కడో. ఆయన మన కోసం మూడు రోజులుగా ఎదురుచూస్తున్నాడు, మన జాబితాలో మాత్రం జవాబు వచ్చిన ప్రశ్నగా కూర్చుంది.

అందుకని రంగు వేయాల్సింది సంఖ్యను బట్టి కాదు, చివరి మాట ఎవరిదన్నదాన్ని బట్టి. చివరిగా రాసింది అడిగినవాళ్లే అయితే బంతి మన కోర్టులో ఉన్నట్టు, ఆ వరుసకు రంగు. చివరిగా రాసింది మన ఎనిమిది మందిలో ఒకరైతే వరుసను కాస్త మసకబార్చడం. మూడోవాళ్లు ఎవరో రాసి ఉంటే రంగు లేకుండా వదిలేయడం, ఎందుకంటే ఆ జవాబు తప్పయినా కావచ్చు, ఒకసారి చూడాల్సిందే. ఈ ఒక్క మార్పుతో నేను ఊరికే తెరిచే ప్రశ్నలు సగానికి పైగా తగ్గాయి. కోడ్ నలభై లైన్లు దాటలేదు.

పేజీలో వాటిని ఎలా పట్టుకోవాలన్నదే నేర్పు. ఈ రోజుల్లో సైట్లలో పేజీ కోడ్‌లోని ముక్కలకు ఉండే క్లాస్ పేర్లు యంత్రం పెట్టినవి, అర్థంపర్థం లేని అక్షరాలు, అంకెలు. సైట్ వాళ్లు ఏ మంగళవారమో కొత్త బిల్డ్, అంటే సైట్ కొత్త కూర్పు, పెడితే ఆ పేర్లన్నీ మారతాయి. వాటిని పట్టుకుని వేలాడకండి. స్థిరంగా ఉండేవాటిని చూడండి: ప్రశ్న లింక్ అడ్రస్‌లో ఎప్పుడూ ఒకేలా ఉండే ముక్క, కంటిచూపు లేనివాళ్ల కోసం పెట్టే ఏరియా లేబుళ్లు, పేజీ కోడ్‌లో సమయాన్ని చూపించే టైమ్ ట్యాగ్. ముఖ్యంగా సమయం విషయంలో "3 గంటల క్రితం" అన్న అక్షరాలను చదివి లెక్కలు కట్టకండి. ఒకరి బ్రౌజర్ తెలుగులో ఉంటుంది, ఒకరిది ఇంగ్లిష్‌లో. ఆ అక్షరాల వెనకే టైమ్ ట్యాగ్‌లో డేట్‌టైమ్ అనే లక్షణం ఉంటే అందులో అసలు తేదీ, గంట, నిమిషం యంత్రానికి అర్థమయ్యే రూపంలో ఉంటాయి. అది తీసుకోండి.

కిందికి జరిపే కొద్దీ కొత్త వరుసలు వచ్చే పేజీ అయితే మ్యుటేషన్ అబ్జర్వర్ కావాలి. పేజీలో ఏదైనా మారితే మనకు చెప్పే ఏర్పాటు అది. దాంతో అందరూ ఒకసారి చేసే తప్పు నేనూ చేశాను: మార్పు వచ్చిందని వరుస పక్కన చిన్న గుర్తు పెట్టాను, గుర్తు పెట్టడమూ మార్పే కనక అబ్జర్వర్ మళ్లీ పిలిచింది, మళ్లీ గుర్తు, మళ్లీ పిలుపు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తింది, ట్యాబ్ బిగుసుకుపోయింది. చూసిన వరుస మీద "అయింది" అని ఒక డేటా లక్షణం అంటించి, అది ఉన్న వరుసను మళ్లీ ముట్టుకోకుండా ఉంటే చాలు. కాకపోతే వరుసలో కొత్త జవాబు వచ్చినప్పుడు అదే వరుస కొత్త సమాచారంతో ఉంటుంది. అందుకే "అయింది" అని మాత్రమే కాకుండా చివరి జవాబు సమయాన్ని కూడా అందులోనే రాసుకోండి. అది మారితే మళ్లీ చూడాలి.

ఇప్పుడు నా తలవంపుల కథ. రంగుల స్క్రిప్ట్ జట్టులో పన్నెండు మందికీ అలవాటైపోయింది. అందరూ రంగున్న వరుసలే తెరిచేవాళ్లం. ఒకరోజు సైట్ వాళ్లు అడిగినవాళ్ల పేరు చూపించే పద్ధతి కొంచెం మార్చారు, పేరు పక్కన బ్యాడ్జి ఒకటి చేర్చారు. నా స్క్రిప్ట్ పేరునూ బ్యాడ్జినీ కలిపి ఒకే మాటగా చదివింది. చివరిగా రాసినవాళ్ల పేరుతో అది సరిపోలలేదు. ఎర్రర్ రాలేదు, పేజీ పాడవలేదు. అడిగినవాళ్లే తిరిగి రాసిన వరుసలు రంగు కోల్పోయాయి, అంతే. జవాబు లేని ప్రశ్నలకు రంగు యథాప్రకారం పడుతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పైగా "ఈ మధ్య పని తగ్గింది, హాయిగా ఉంది" అనుకున్నాం కూడా. తొమ్మిదో రోజున ఒకామె "వివరాలన్నీ ఇచ్చి వారం దాటింది, అడిగిందెందుకు మరి" అని రాస్తే అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. ఆ తర్వాత రెండు రోజులూ పాత ప్రశ్నలన్నీ వెనక్కి తవ్వుకుంటూ క్షమాపణలు చెప్పుకున్నాం.

స్క్రిప్ట్ ఆగిపోతే తెలుస్తుంది, తప్పు చెబితే తెలియదు. అప్పటి నుంచి నా ప్రతి స్క్రిప్టూ పేజీ మూలన ఒక చిన్న లెక్క చూపిస్తుంది: "30 వరుసలు చూశాను, 30 అర్థమయ్యాయి, 7 మన వంతు." వరుసలో పేరు గానీ సమయం గానీ దొరక్కపోతే ఆ వరుసకు ఊహించి రంగు వేయదు, ప్రశ్నార్థకం పెడుతుంది. అర్థం కానివి మూడు దాటితే పేజీ పైన ఎర్ర పట్టీ: "నన్ను నమ్మకండి, పేజీ మారింది." ఇంకో లెక్క కూడా ఉంది: ఒక పేజీ మొత్తంలో అడిగినవాళ్లు తిరిగి రాసిన వరుస ఒక్కటీ లేకపోతే అదీ అనుమానించాల్సిందే, నిజ జీవితంలో అలాంటి పేజీ దాదాపు ఉండదు. ఈ లెక్కలు రాయడానికి అసలు స్క్రిప్ట్‌కి పట్టినంత టైమే పట్టింది. మీరు మొదటి రోజే రాసుకోండి.

రెడీమేడ్ జవాబుల సంగతి. జవాబు పెట్టె పక్కన చిన్న జాబితా, నొక్కితే ఆ వాక్యాలు పెట్టెలో పడాలి. తేలికే అనిపిస్తుంది, కానీ రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టిన సైట్లలో ఒక మెలిక ఉంది. స్క్రిప్ట్‌తో పెట్టెలో అక్షరాలు పెడతారు, కళ్లకు కనబడతాయి, పంపే బటన్ మాత్రం బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఒక్క స్పేస్ కొట్టగానే బటన్ వెలుగుతుంది, లేదా పెట్టిందంతా మాయమైపోతుంది. పెట్టెలో ఏముందో రియాక్ట్ తన సొంత లెక్క పెట్టుకుంటుంది. మనం దొడ్డిదారిన పెట్టింది ఆ లెక్కలోకి ఎక్కలేదు. దీనికి టెక్స్ట్ ఏరియా (జవాబు పెట్టె) అసలు ప్రోటోటైప్ నుంచి వాల్యూ సెట్టర్‌ని, అంటే పెట్టెలో అక్షరాలు పెట్టే బ్రౌజర్ సొంత ఫంక్షన్‌ని, తీసుకుని దాంతో పెట్టి, తర్వాత "ఇక్కడ టైప్ చేశారు" అని చెప్పే ఇన్‌పుట్ ఈవెంట్‌ని మనమే పంపాలి. నేను మాత్రం ఇంకా బ్రౌజర్లలోని పాత ఫంక్షన్ ఎగ్జెక్ కమాండ్‌లోని ఇన్సర్ట్ టెక్స్టే వాడుతున్నాను. వాడొద్దని పత్రాల్లో ఉంటుంది, అయినా బ్రౌజర్లలో నడుస్తోంది. దాంతో పెడితే ఈవెంట్ దానంతట అదే వెళ్తుంది, పైగా కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వస్తుంది. సగం జవాబు చేత్తో రాసుకున్నాక పొరపాటున రెడీమేడ్ బటన్ నొక్కినవాళ్లకు ఆ కంట్రోల్ జెడ్ విలువ తెలుస్తుంది.

జవాబుల సంఖ్య పెంచకండి. మా దగ్గర ఒకప్పుడు ముప్పై నాలుగు ఉండేవి, వాటిలో వెతకడం కంటే టైప్ చేయడమే నయం అనిపించేది. ఇప్పుడు ఏడున్నాయి. వాటినీ పూర్తి జవాబులుగా రాయలేదు. మధ్యలో ఖాళీలు వదిలాం, ఖాళీ ఉన్నచోట మూడు నక్షత్రాలు. "మీరు *** అన్నారు కదా, అది జరిగినప్పుడు తెర మీద ఏ ఎర్రర్ కనబడిందో అలాగే కాపీ చేసి పెట్టండి" అన్న తరహాలో. నక్షత్రాలు మిగిలి ఉండగా పంపే బటన్ నొక్కితే స్క్రిప్ట్ ఆపుతుంది. ఆ ఖాళీ నింపాలంటే ప్రశ్న చదవక తప్పదు, మా ఉద్దేశం కూడా అదే. వెర్షన్ నంబర్ ప్రశ్నలోనే రాసినవాళ్లను "మీ వెర్షన్ ఎంత" అని అడిగితే వాళ్లకు ఒళ్లు మండుతుంది, న్యాయమే. పలకరింపు కూడా రెడీమేడ్‌లో పెట్టలేదు, ఎవరికి వాళ్లు రాసుకోవాల్సిందే. డేటా అంతా పోయి ఏడుస్తున్న మనిషికి "నమస్తే! మీ ప్రశ్నకు ధన్యవాదాలు!" అని వెళ్తే ఎలా ఉంటుందో ఒకసారి చూశాం.

ఆ ఏడు జవాబులను స్క్రిప్ట్‌లో కలిపేయకుండా విడిగా ఒక ఫైల్‌లో ఉంచండి. జట్టులో బాగా రాసేవాళ్లు, కోడ్ రానివాళ్లు ఒక్కరే అవుతుంటారు. కామా ఎక్కడ పోయిందో వెతికే పని వాళ్లకు పెట్టొద్దు.

ఒకే ప్రశ్నకు ఇద్దరు జవాబు రాయడం గురించి చాలామంది ఒక పొరపాటు పడతారు. "నేను చూస్తున్నాను" అని బటన్ పెట్టి దాన్ని లోకల్ స్టోరేజ్‌లో రాస్తారు. అది మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది, పక్కవాళ్లకు కనబడదు. అందరికీ కనబడాలంటే ఎక్కడో సర్వర్ కావాలి. సర్వర్ అంటే దాని ఖర్చు, కాపలా, ఎవరు ఏ ప్రశ్న ఎప్పుడు చూశారన్న చిట్టా, అది ఎవరి చేతిలో ఉంటుందన్న తలనొప్పి. రెడ్డిట్ మోడరేటర్లు వాడే టూల్‌బాక్స్ అనే ఎక్స్‌టెన్షన్ దీనికి తెలివైన దారి పట్టింది. మోడరేటర్లు సభ్యుల గురించి రాసుకునే నోట్సును వేరే సర్వర్‌లో పెట్టకుండా ఆ సబ్‌రెడ్డిట్ (రెడ్డిట్‌లో ఒక్కో అంశానికి ఉండే విభాగం) సొంత వికీ పేజీలోనే దాచుకుంటుంది. ఎవరికి చూసే హక్కుందో సైటే చూసుకుంటుంది. మీ సైట్‌లో ట్యాగులో, "అసైన్" లాంటిదో ఉంటే ముందు అది వాడండి.

అవేవీ లేకపోతే ఎనిమిది మందికి సరిపోయే చిన్న చిట్కా ఒకటుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడాన్ని ఆపాలని చూడకండి, ఇద్దరూ పంపడాన్ని ఆపండి. జవాబు రాయడం పూర్తి చేసి మౌస్‌ను పంపే బటన్ వైపు తీసుకెళ్లి నొక్కేలోపు కర్సర్ పెట్టెలోంచి బయటికి వస్తుంది. ఆ ఈవెంట్‌ని బ్లర్ అంటారు. అప్పుడు అదే పేజీని వెనక నుంచి ఒకసారి తెప్పించి, మీరు తెరిచినప్పటి కంటే జవాబులు పెరిగాయా అని చూడాలి. పెరిగితే బటన్ పైన పసుపు పట్టీ: "మీరు రాస్తుండగా ఒక జవాబు వచ్చింది, చూడండి." కొన్నిసార్లు పేజీ వచ్చేలోపే బటన్ నొక్కేస్తారు కనక, పెట్టెలో అక్షరాలున్నంతసేపు నిమిషానికోసారి కూడా చూసుకుంటే మంచిది. ట్యాబ్ కళ్ల ముందు లేనప్పుడు మాత్రం ఆపేయండి, ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకునే మహానుభావులు ప్రతి జట్టులోనూ ఉంటారు. సర్వర్ 429 అని జవాబిస్తే మరీ ఎక్కువగా అడుగుతున్నారని అర్థం. దాంతో రిట్రై ఆఫ్టర్ అనే హెడర్ వస్తే అందులో చెప్పినంతసేపు స్క్రిప్ట్ నోరు మూసుకోవాలి.

ఇప్పుడు దానంతట అదే జవాబు పంపడం. స్క్రిప్ట్ మీ బ్రౌజర్‌లో, మీ లాగిన్‌తో నడుస్తుంది. అది పంపిన జవాబు సైట్‌కి మీరు పంపినట్టే, అడిగినవాళ్లకు మీరు చదివి చెప్పినట్టే. ఇవేవీ మీరు చేయలేదు. వికీపీడియాలో ఈ గీత స్పష్టంగా ఉంటుంది. మనిషి లేకుండా మార్పులు చేసే బాట్‌కి వేరే ఖాతా, ముందస్తు అనుమతి కావాలి. ట్వింకిల్ లాంటి స్క్రిప్ట్ వాడి చెత్త మార్పులను వెనక్కి తిప్పేవాళ్లకు అవి అక్కర్లేదు, కానీ దాంతో నొక్కిన ప్రతి నొక్కుకూ పూర్తి బాధ్యత వాళ్లదే. మీకు నిజంగా బాట్ కావాలనిపిస్తే సైట్ వాళ్లను అడిగి, బాట్ అని రాసి ఉన్న ఖాతాతో, వాళ్ల ఏపీఐతో (ప్రోగ్రాములు సైట్‌తో మాట్లాడేందుకు సైట్ వాళ్లే ఇచ్చే దారి) చేయండి. అది వేరే పని, దాని మర్యాదలు వేరు.

ఏఐతో జవాబు రాయించి పెట్టెలో పడేయడం గురించి అడగలేదు గానీ, ఎలాగూ ఎవరో అడుగుతారు. 2022 డిసెంబరులో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది. చూడ్డానికి సరైనట్టే ఉండి తప్పులున్న జవాబులు, తనిఖీ చేసే వాలంటీర్లు తట్టుకోలేనంత వేగంగా వచ్చిపడ్డాయి. నా మటుకు నేను పొడుగాటి ప్రశ్నను ముందు నాకోసం కుదించి చూపించడం వరకు ఒప్పుకుంటాను, అది కూడా ప్రశ్నలో ఈమెయిలో, ఖాతా వివరాలో లేవని చూసుకున్నాక. జవాబు పెట్టె దాకా రానివ్వను.

నా గీత ఇదీ: స్క్రిప్ట్ నా చేతిని ఆపొచ్చు, నా బదులు నొక్కకూడదు. నక్షత్రాలుంటే పంపనివ్వకపోవడం, పసుపు పట్టీ చూపించడం ఆపడం కిందికి వస్తాయి. ప్రశ్న మూసేయడం, స్పామ్ అని కొట్టేయడం, జవాబు పంపడం నొక్కడం కిందికి వస్తాయి. స్పామ్ విషయంలో చాలామంది నాతో వాదించారు. "అమ్మకాల లింక్ ఉంటే చాలు కదా, తీసేయొచ్చు" అంటారు. లింక్ ఉన్న వరుసకు గుర్తు పెట్టు, నొక్కేది నేను అంటాను. తనకు వచ్చిన స్పామ్‌ను చూపించి "ఇది నిజమేనా" అని అడిగేవాళ్ల ప్రశ్నలోనూ అదే లింక్ ఉంటుంది.

భద్రత గురించి కోడ్ తెలిసిన మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు, కానీ మోడరేటర్ హక్కులున్న ఖాతాలు కనక రెండు మాటలు. ఒకటి, ప్రశ్న శీర్షికను గానీ సభ్యుల పేరును గానీ పేజీలో చూపించేటప్పుడు ఇచ్చినదాన్ని కోడ్‌గా చదివే ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ వాడకండి, ఉత్త అక్షరాలుగానే చూపించే టెక్స్ట్ కంటెంట్ వాడండి. శీర్షికలో స్క్రిప్ట్ ముక్క రాసి పెట్టేవాళ్లుంటారు, సైట్ దాన్ని జాగ్రత్తగా శుభ్రం చేసి చూపిస్తే మీరు మళ్లీ ప్రాణం పోసినట్టవుతుంది. రెండు, ఆటోమేటిక్ అప్‌డేట్. అప్‌డేట్ అడ్రస్ ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలో మీ ఎనిమిది మంది లాగిన్లూ ఉన్నట్టే. మా దగ్గర ఏ మార్పైనా ఇంకొకరు చదివాకే బయటికి వెళ్తుంది. స్క్రిప్ట్ ఏ పేజీల్లో నడవాలో చెప్పే మ్యాచ్ లైన్‌లో మీ సైట్ అడ్రస్, అందులోనూ కావలసిన పేజీలు మాత్రమే రాయండి, అన్ని సైట్లకూ నక్షత్రం పెట్టకండి. ఎక్స్‌టెన్షన్ ఇచ్చే ప్రత్యేక ఫంక్షన్లు అక్కర్లేకపోతే వాటిని అడిగే గ్రాంట్ లైన్ దగ్గర నన్ అని పెట్టేయండి. బయట దొరికిన స్క్రిప్ట్ తెచ్చుకుంటే చదివి తెచ్చుకోండి. స్క్రిప్టులు పంచుకునే గ్రీజీ ఫోర్క్ సైట్‌లో కోడ్ చదవడానికి వీలుగా ఉండాలన్న నియమం ఉంది, అదొక నయం. ఒకప్పుడు అలాంటి సైటే అయిన యూజర్‌స్క్రిప్ట్స్ డాట్ ఆర్గ్ 2014లో మూతపడింది, కాబట్టి నచ్చినదాని నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

తెలుగులో ప్రశ్నలు కూడా వస్తాయన్నారు కదా, అక్కడ రెండు గోతులున్నాయి. శీర్షికల్లో "పాస్‌వర్డ్" ఉన్నవి వెతికి పట్టుకోవాలనుకోండి. జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో, అంటే అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతిలో, మాట సరిహద్దును గుర్తించే గుర్తుకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే తెలుసు. తెలుగు అక్షరం దానికి అక్షరమే కాదు. సరిహద్దు పెట్టి వెతికితే ఏదీ దొరకదు. తెలుగులో ఎలాగూ విభక్తులు మాటకే అంటుకుంటాయి కనక సరిహద్దు మానేసి ఆ ముక్క ఎక్కడున్నా పట్టుకోమనడమే మేలు. రెండో గొయ్యి ఇంకా చిత్రం. "పాస్‌వర్డ్" అని సకారం విడిగా రాసేవాళ్లు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెడతారు, దాని గురించి వాళ్లకు తెలియకపోయినా కీబోర్డు పెడుతుంది. "పాస్వర్డ్" అని కలిపి రాసేవాళ్లు పెట్టరు. యంత్రానికి ఇవి రెండు వేర్వేరు మాటలు. పోల్చే ముందు రెండు వైపులా ఆ అక్షరాన్ని తీసేయండి. షార్ట్‌కట్ కీలు పెడితే కూడా ఏ అక్షరం వచ్చిందని కాకుండా ఏ మీట నొక్కారని చూడండి, లేకపోతే కీబోర్డు తెలుగులో ఉన్నంతసేపు షార్ట్‌కట్లు పనిచేయవు.

ఫోన్ నుంచి జవాబిచ్చేవాళ్లను మర్చిపోకండి. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ ఉంటే ఈ ఎక్స్‌టెన్షన్లు నడుస్తాయి, మిగతా చోట్ల కష్టం. అందుకే స్క్రిప్ట్ లేనివాళ్లు చేయలేని పని ఏదీ మీ పద్ధతిలో ఉండకూడదు. రంగులు లేకపోతే నెమ్మదిగా చేస్తారు, అంతే.

మొదలుపెట్టడానికైతే, మూలన లెక్క చూపించే పట్టీతో సహా రంగుల స్క్రిప్ట్ ఒక్కటే రాసి ఇద్దరికి ఇవ్వండి. ఆ ఇద్దరిలో ఒకరు కోడ్ అంటే భయపడేవాళ్లయితే ఇంకా మంచిది. వారం పోయాక మిగతా ఆరుగురికి. జాబితా పేజీలో ఏదైనా ఒక వరుస మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ చూడండి. అందులో టైమ్ ట్యాగ్ ఉందా, చివరిగా రాసినవాళ్ల పేరు లింక్‌గా ఉందా అన్నవి ఇక్కడ రాయండి. సభ్యుల పేర్లు మాత్రం చెరిపేసి పెట్టండి. చివరి రచయిత పేరు జాబితాలోనే లేకపోతే దారి కాస్త మారుతుంది, అది చూశాక చెబుతాను.